తొంభై దగ్గర వణికిన స్టీరింగ్

(హనుమకొండలో ఒక ఆదివారం ఉదయం పాత బండ్ల యజమానులు, మెకానిక్‌లు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకు నా మాట అక్కడిదాకా రాదు. రండి, రండి.

బయట ఆ ఎర్ర బండిని చూసే చాలామంది లోపలికి వచ్చి ఉంటారు. అది ఎంజీబీ. 1967 మోడల్. ఇంగ్లండ్‌లో ఆబింగ్డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 దాకా తయారైన స్పోర్ట్స్ కారు. అక్కడ చదువుకుని వచ్చిన ఒక డాక్టరు గారు దాన్ని ఓడలో తెప్పించుకున్నారు. ఆయన పోయాక చాలా ఏళ్లు చింతచెట్టు కింద రేకుల షెడ్డులో ఉండిపోయింది. వాళ్ల పిల్లల దగ్గర నేను తీసుకున్నాను.

ఇక్కడ అంబాసిడర్ పని చేసినవాళ్లు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. చూడండి, ఇంతమంది ఉన్నారు. అయితే మీకు ఈ బండి మరీ కొత్తదేం కాదు. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను, దీంట్లోని 1798 సీసీ ఇంజను ఒకే ఇంటివి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్, అంటే బీఎంసీ వాళ్ల బీ సిరీస్. బానెట్ ఎత్తితే మీ చేతులకు దారి తెలుస్తుంది.

కానీ ఈ రోజు ఇంజను గురించి మాట్లాడను. ఇంజను ఆగితే ఏమవుతుంది? బండి ఆగుతుంది. నలుగురం కలిసి పక్కకు నెట్టుకుంటాం. స్టీరింగ్ పట్టు తప్పితే? అప్పుడు నెట్టడానికి ఎవరు మిగులుతారో తెలియదు. అందుకే ఈ రోజు స్టీరింగ్ గురించి, ముందు చక్రాల గురించి మాట్లాడుకుందాం.

డాక్టరు గారు ఈ బండిని అరవై దాటించేవారు కాదట. అప్పటి రోడ్లు కూడా అంతకు మించి పోనిచ్చేవి కావు. ఇప్పుడు హైదరాబాద్ దారి నాలుగు వరుసలైంది. బండి ఎక్కితే కాలు దానంతటదే కిందికి పోతుంది. అంతా బాగు చేసుకున్నాం అనుకుని నేను, మా అన్న కొడుకు ఒక రోజు తెల్లవారుజామున బయల్దేరాం. కాజీపేట దాటాం, స్టేషన్ ఘన్‌పూర్ దాటాం. అరవైలో వెన్నలా పోతోంది. ఎనభైలో అరచేతికి చిన్న జలదరింపు. రోడ్డు గరుకేమో అనుకున్నాను. రఘునాథపల్లి దగ్గర తొంభై తాకిందో లేదో స్టీరింగ్ నా చేతుల్లో అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అద్దం వణికింది, డాష్‌బోర్డు వణికింది. పక్కన పిల్లవాడు తలుపు గట్టిగా పట్టుకుని "బాబాయ్, టైరు ఊడుతోందా?" అన్నాడు.

అలాంటప్పుడు ఏం చేయాలి? ఇది కుర్ర డ్రైవర్లు గుర్తుపెట్టుకోవాలి. బ్రేకు మీద ఒక్కసారిగా తొక్కొద్దు. స్టీరింగ్‌తో కుస్తీ పట్టొద్దు. తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. డెబ్బైకి దిగేసరికి నా బండి మళ్లీ ఏమీ తెలియనట్టు మామూలుగా నడిచింది.

మర్నాడు నేనేం చేశానంటే, అందరం చేసేదే. నేరుగా చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంట్ షాపుకు పోయాను. ఏ షాపు అన్నది ఇక్కడ అక్కర్లేదు. మెషిన్ మీద ఎక్కించారు, టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత చూస్తున్నాయన్న కొలత, సరిచేశారు, కాగితం ఇచ్చారు. కాగితం మీద అంతా పచ్చరంగే. బండి మాత్రం తొంభై దగ్గర అదే వణుకు. పది రోజుల తర్వాత మళ్లీ పోయాను. మళ్లీ కొలిచారు, మళ్లీ సరిచేశారు. మూడోసారీ పోయాను.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఈ మాట కోసమే మిమ్మల్ని ఇంత దూరం రమ్మన్నాను. ఆ మూడు కాగితాలూ ఒక రాత్రి పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిసారి సరిచేసి పంపినప్పుడు 2 మిల్లీమీటర్ల టో ఇన్. అంటే చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి చూస్తున్నాయి. పది రోజుల తర్వాత, ఏమీ ముట్టకముందు, అదే మెషిన్ మీద టో అవుట్. అంటే బయటికి చూస్తున్నాయి. మధ్యలో, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్‌ల మీద ఎవరైనా పానా పెట్టారా? లేదు. మరి కొలత ఎందుకు మారింది? మెషిన్ అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. బండిలో ఏదో కదులుతోంది. కదిలే దాన్ని పట్టుకుని కొలుస్తున్నాం. ఊగే మంచం మీద పిల్లవాణ్ణి నిలబెట్టి ఎత్తు కొలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది మా పని.

అలైన్‌మెంట్ చివరి పని. చివరి పని. మళ్లీ చెప్తున్నాను, చివరి పని. లూజు అంతా పోయాకే కొలత.

సరే, ఏది కదులుతోందో ఎట్లా తెలుస్తుంది? ముందు బండి ఏమంటోందో వినాలి. "స్టీరింగ్ బాగా లేదన్నా" అని తీసుకొస్తారు. బాగా లేదంటే ఏమిటి? వణుకుతోందా? ఒక పక్కకు గుంజుతోందా? లేక తేలుతున్నట్టు ఉండి, లారీ దాటినప్పుడల్లా సర్దుకోవాల్సి వస్తోందా? మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావట్లేదా? ఇవి వేరువేరు జబ్బులు. అన్నిటికీ ఒకే గోలీ వేస్తామా?

వణుకు ముందు చూద్దాం. ఒక ఫలానా వేగం దగ్గర మొదలై, అది దాటాక తగ్గితే, మొదటి అనుమానం చక్రం బ్యాలెన్స్ మీద. పాలిటెక్నిక్ పిల్లలు ఈ లెక్క రాసుకోండి. నా టైరు 185/70 ఆర్ 14. ఒక చుట్టు తిరిగితే సుమారు 1.93 మీటర్లు పోతుంది. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. అంటే సెకనుకు సుమారు 13 చుట్లు. ఇప్పుడు రిమ్ము మీద ఒక పక్క 50 గ్రాములు ఎక్కువ ఉందనుకోండి. 50 గ్రాములంటే ఎంత? చిన్న సబ్బు బిళ్ల. కానీ ఆ తిరుగుడులో అది సుమారు 6 కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి గుంజుతుంది. సెకనుకు 13 సార్లు పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ. 45లో పోతే ఆ బలం సగం కాదు, నాలుగో వంతు, కిలోన్నర. వేగం రెండింతలైతే బలం నాలుగింతలు. అందుకే ఊళ్లో తిరిగేటప్పుడు ఈ జబ్బు బయటపడదు.

ఈ బండికి వైర్ వీల్స్. ఒక్కో చక్రానికి 60 చువ్వలు. మామూలు చక్రం బ్యాలెన్సింగ్ మెషిన్‌కు ఎట్లా తగిలిస్తారు? మధ్య రంధ్రంలో కోను పెట్టి బిగిస్తారు. దీనికి మధ్యలో పళ్లుంటాయి, దానికి లోపలా బయటా వాలు ఉంటుంది. బండి మీద చక్రం ఆ వాలుల మీదే కూర్చుంటుంది. మెషిన్ మీద కూడా ఆ వాలుల మీదే కూర్చోబెట్టే కోన్లు కావాలి. లేకపోతే చక్రం మధ్యకు రాదు. మధ్యకు రాని చక్రానికి ఎన్ని సీసం ముక్కలు కొట్టినా ఏం లాభం? నేను ఆ వాలుకు సరిపోయే రెండు కోన్లు లేత్ మీద తిప్పించుకున్నాను. బయట బల్ల మీద పెట్టాను, పోయేటప్పుడు చూడండి. కావాలంటే కొలతలు రాసుకోండి.

చువ్వలు కూడా చూడాలి. చిన్న పానాతో ఒక్కొక్కటీ తట్టండి. బిగువున్నది టింగుమంటుంది, వదులైనది డబ్బుమంటుంది. నా ఎడమ ముందు చక్రంలో వరసగా నాలుగు డబ్బుమన్నాయి. చక్రం తిప్పుతూ రిమ్ము పక్కన సుద్ద ముక్క పట్టుకుంటే ఒక చోటే గీత పడింది. అంటే రిమ్ము వంకర. చువ్వలు సరిగ్గా బిగిస్తే అది తిన్నగా వస్తుంది. ఓపిక కావాలి, ఒక పూట పడుతుంది.

ఇంకో మాట, టైరు వయసు. పాత బండ్లవాళ్లం ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరగం. టైరు గట్లు కొత్తగానే ఉంటాయి. కానీ రబ్బరు లోపల గట్టిపడి ఉంటుంది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 2312 అని ఉంటే 2012లో 23వ వారం. ఆ అంకెలు చూసి నిర్ణయించండి, గట్లు చూసి కాదు. గాలి విషయం కూడా. బంకులో అన్ని కార్లకూ అలవాటుగా 35 పీఎస్ఐ పెడతారు. ఇది టన్నుకు లోపు బండి. ముందు ఇరవై పైచిలుకు చాలు, వెనక దానికన్నా రెండు మూడు ఎక్కువ. 35 పెడితే టైరు నడిమి భాగమే రోడ్డును తాకుతుంది, బండి తేలుతుంది.

ఇంత చేశాక వణుకు పోయిందా? సగం పోయింది. తొంభైలో కొట్టుకోవడం తగ్గింది, కానీ జలదరింపు మిగిలింది. గతుకు తగిలితే మళ్లీ మొదలయ్యేది. ఎందుకంటే బ్యాలెన్స్ లోపం తట్టి లేపేది మాత్రమే. లేచి ఊగేది వేరే ఉంది. లూజు.

ఇప్పుడు అసలు పరీక్ష. ముందు చక్రం జాకీతో లేపి, కింద స్టాండు పెట్టండి. ఒట్టి జాకీ మీద నమ్మి ఎవరూ కిందికి దూరొద్దు, ఇది అన్నగా చెప్తున్నాను. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉందా? ఉంటే, ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనండి. తొక్కి పట్టుకోమనండి. మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కితే కదలిక పోయిందా, తప్పు బేరింగ్‌ది. తొక్కినా ఉందా, తప్పు దాని వెనక ఉంది. చక్రం అటూ ఇటూ తిరగడానికి నిలువుగా ఉండే కింగ్ పిన్, కీళ్లలో ఉండే బుష్షులు, చక్రాన్ని పైనుంచి పట్టుకునే పై చెయ్యి. బ్రేకు ఏం చేస్తుంది? డ్రమ్మునో డిస్కునో వెనకున్న భాగానికి పట్టి కట్టేస్తుంది. మధ్యలో ఉన్న బేరింగ్‌కు ఊగే సందు ఉండదు. పైసా ఖర్చు లేని పరీక్ష. ఇంత కచ్చితంగా చెప్పే పరీక్ష నాకు ఇంకోటి తెలియదు. తర్వాత అదే చక్రాన్ని అడ్డంగా, ఎడమా కుడీ పట్టుకుని ఊపండి. అక్కడ కదిలితే టై రాడ్ ఎండ్ చూడాలి, స్టీరింగ్ తిప్పుడును టై రాడ్‌లకు అందించే ర్యాక్ చూడాలి, ర్యాక్‌ను బిగించిన బోల్టులు చూడాలి.

నా బండి కుడి చక్రం బ్రేకు తొక్కితే ఆగింది. బేరింగ్ అన్నమాట. చక్రాన్ని మోసే నడిమి భాగం, హబ్బు, విప్పాం. ఇందులో లోపలొకటి, బయటొకటి రెండు టేపర్ బేరింగులు ఉంటాయి. వాటి మధ్య ఇరుసు మీద ఒక ఉక్కు గొట్టం ముక్క ఉండాలి, దాని పక్కన షిమ్ములనే పల్చటి రేకు రింగులు ఉండాలి. ఎడమ పక్క ఉన్నాయి. కుడి పక్క విప్పి చూస్తే గొట్టం లేదు, షిమ్ములు లేవు. నిండా గ్రీజు మాత్రం ఉంది. ఎప్పుడో ఎవరో బేరింగులు మార్చినప్పుడు అది అదనపు ముక్క అనుకుని పక్కన పడేశారు. నట్టు చేతి అంచనాతో బిగించి పంపారు.

ఆ ముక్క ఎందుకో తెలుసా? నట్టు గట్టిగా బిగించినప్పుడు రెండు బేరింగుల లోపలి రింగులు, మధ్యలో గొట్టం, అన్నీ ఒత్తుకుని సన్నటి ఇరుసుతో కలిసి ఒకే మందపాటి ముద్దలా నిలుస్తాయి. మలుపులో చక్రం వంచాలని చూస్తే ఇరుసు వంగదు. గొట్టం లేకపోతే ఇరుసు ఒంటరిది. ఇక షిమ్ములతో హబ్బుకు ఇవ్వాల్సిన సందు ఎంత? 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్. తల వెంట్రుక మందం అంత. డయల్ గేజ్ పెట్టి, షిమ్ము తీసి, వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేసి, నాకూ మా పిల్లవాడికీ ఒక సాయంత్రమంతా పట్టింది. చివరికి ముల్లు 0.08 దగ్గర ఆగింది. నట్టు బిర్రుగా బిగించి చక్రాన్ని వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగి తిరిగి ఆగింది. ఆ తిరుగుడు చూసి మేమిద్దరం కాసేపు అక్కడే కూర్చున్నాం.

ఎడమ చక్రం మాత్రం బ్రేకు తొక్కినా కదులుతూనే ఉంది. ఈ బండిలో ఒక విచిత్రం ఉంది. ముందు షాక్ అబ్జార్బర్ గొట్టం లాంటిది కాదు, పెట్టెలా ఉంటుంది, దానికి ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యే చక్రానికి పై చెయ్యి. అంటే షాకర్ కుదుపు ఆపడమే కాదు, చక్రాన్ని నిలబెట్టేది కూడా అదే. ఆ పెట్టెలో ఇరుసు అరిగితే చక్రం వాలు మారుతూ ఉంటుంది. నూనె పోస్తే సరిపోతుందా? కుదుపుకు సరిపోతుంది, అరుగుదలకు సరిపోదు. విప్పి కంచు బుష్ తిప్పించి, కొత్త సీలు వేయించాను. పెంబర్తి ఉన్న ప్రాంతం మనది, లోహం పని తెలిసిన చేతులకు కొదవ లేదు.

కింది చేతుల రబ్బరు బుష్షులు కూడా పిండిపిండి అయ్యాయి. 1973లో వచ్చిన వీ8 ఎంజీబీకి వేసిన లోహపు గొట్టం ఉన్న బుష్షులు దీనికీ పడతాయి, అవే వేశాను. ఒక్క జాగ్రత్త. వాటి బోల్టులు బండి నేల మీద, తన చక్రాల మీద నిలబడ్డాకే చివరిగా బిగించండి. చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడుతుంది. ఆరు నెలలకే చిరుగుతుంది.

ఇక కింగ్ పిన్‌లు. మా తాత మేడారం జాతరకు ఎడ్లబండి కట్టేవాడు. బయల్దేరే ముందు రోజు సాయంత్రం బండి కింద మొద్దు పెట్టి చక్రం లేపేవాడు. కడచీల తీసి, చక్రం కాస్త బయటికి జరిపి, ఇరుసుకు కందెన పూసేవాడు. చక్రం లేపకుండా పూయొచ్చు కదా తాతా అని అడిగాను ఒకసారి. "బరువు మోసే దగ్గరే కందెన పోవాల్రా, బరువు మీదుండగా ఎట్ల పోతది?" అన్నాడు. ఇరుసున కందెన పెట్టక పరమేశ్వరుని బండైనా పారదని సామెత మనందరికీ తెలుసు. కందెన ఎప్పుడు, ఎట్లా పెట్టాలన్నది తాత చెప్పాడు. ఎంజీబీలో ముందు ఒక్కో పక్క మూడు గ్రీజు ఎక్కించే నిప్పుళ్లు. సుమారు 5000 కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టాలి. కొట్టేటప్పుడు చక్రం గాల్లో ఉండాలి. నేల మీద ఉండగా గన్ను పెట్టి కొడితే బరువు ఆనే ముఖానికి గ్రీజు చేరదు, పక్క నుంచి బయటికి వచ్చేస్తుంది. మనం అయిపోయిందనుకుంటాం. ఆ ముఖం ఎండిపోతుంది, కింగ్ పిన్ పట్టేస్తుంది, మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాదు.

స్టీరింగ్ వెనక్కి రావడమంటే గుర్తొచ్చింది. సైకిల్ చేతులొదిలి తొక్కారు కదా చిన్నప్పుడు? ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టే అది తిన్నగా పోతుంది. కార్లో దాన్ని క్యాస్టర్ అంటాం. ఈ బండికి 7 డిగ్రీలు ఇచ్చారు, అది ఎక్కువే. వెడల్పు టైర్లు వేశాక స్టీరింగ్ బరువైందని కొందరు ముందు చక్రాల చేతులను మోసే క్రాస్ మెంబర్‌కూ బండి చట్రానికీ మధ్య వాలు ముక్కలు పెట్టి క్యాస్టర్ తగ్గిస్తారు. ఊళ్లో తేలిక. హైవే మీద బండి తేలుతుంది. మీరు కొన్న బండిలో అలాంటి ముక్కలున్నాయేమో కిందికి దూరి చూసుకోండి. క్యాస్టర్‌కైనా, చక్రం నిలువు వాలు క్యాంబర్‌కైనా దీంట్లో తిప్పే నట్టు అంటూ లేదు. తిప్పగలిగింది టో ఒక్కటే. మిగతా కొలతలు తప్పాయంటే ఏదో అరిగింది, లేదా వంగింది, లేదా ఎవరో మార్చారు.

వెనక సంగతి ఎవరూ చూడరు. వెనక ఇరుసు కమాన్ పట్టీల మీద యూ బోల్టులతో కట్టి ఉంటుంది. ముందు హబ్బు నుంచి వెనక హబ్బుకు రెండు పక్కలా కొలవండి. 2311 మిల్లీమీటర్లు ఉండాలి. నాది ఒక పక్క 6 తక్కువ వచ్చింది. ఒక యూ బోల్టు నట్టు చేత్తోనే తిరిగింది. వెనక ఇరుసు వంకరగా ఉంటే ముందు ఎంత సరిచేసినా బండి పీతలా నడుస్తుంది.

అప్పుడు, ఇవన్నీ అయ్యాక, అలైన్‌మెంట్. ఈసారి ఇంట్లోనే, దారంతో చేశాను. సీట్లో నా బరువుకు 25 కిలోల బియ్యం బస్తాలు మూడు పెట్టాను. బండికి రెండు పక్కలా హబ్బు ఎత్తున దారాలు కట్టి, నడిమి గీతకు సమాంతరంగా సర్దాను. స్టీరింగ్ తిన్నగా పెట్టి, రిమ్ము వెనక అంచు దగ్గర ఒక కొలత, ముందు అంచు దగ్గర ఒక కొలత. రిమ్ము కొంచెం వంకరుంటే కొలత తప్పుతుంది కదా? దానికి ఉపాయముంది. కొలిచిన చోట రిమ్ము మీద సుద్దతో గుర్తు పెట్టి, బండిని చక్రం అర చుట్టు ముందుకు నెట్టండి. వెనకున్న గుర్తు ముందుకొస్తుంది. మళ్లీ కొలిచి రెండిటి సగటు తీసుకోండి. వంకర దానంతటదే కొట్టుకుపోతుంది. కావలసిన టో ఇన్ 1.6 నుంచి 2.4 మిల్లీమీటర్ల మధ్య. రెండు టై రాడ్‌లూ సమానంగా తిప్పండి. ఒక పక్కే తిప్పితే స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది.

రెండు వారాల తర్వాత మళ్లీ దారం కట్టాను. అదే కొలత. నెల తర్వాత మళ్లీ కట్టాను. అదే కొలత. ఆ రోజు బియ్యం బస్తాలు దించి, పిల్లవాణ్ణి ఎక్కించుకుని రఘునాథపల్లి దారి పట్టాను. ఎనభై, తొంభై, తొంభై అయిదు. స్టీరింగ్ మీద రెండు వేళ్లు పెట్టాను. పిల్లవాడు తలుపు పట్టుకోలేదు. అద్దంలో వెనక లారీ నంబరు ప్లేటు చదవగలిగాను, అక్షరం కదలకుండా.

ఇక్కడ ఒక అన్న చీటీ పంపారు. తన ఫియట్ ఎప్పుడూ ఎడమకే గుంజుతోందట. అన్నా, ముందు రోడ్డు నడిమి గీత మీద, బండ్లు లేని చోట ఒకసారి నడిపి చూడండి. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకు వాలి ఉంటాయి. కొంచెం గుంజడం రోడ్డుది. నడిమి గీత మీద కూడా గుంజితే ముందు టైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చండి. గుంజడం పక్క మారితే టైరుది. మారకపోతే, నడిపి దిగాక రెండు ముందు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడండి. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసింది.

ఇక మాటలు చాలు. బయట బండి కుడి చక్రం లేపి, కింద స్టాండు పెట్టి ఉంచాను. మీరు చూసి నేర్చుకోవాలని రాత్రి ఆ హబ్బులో ఒక షిమ్ము ఎక్కువ వేసి, నట్టు బిగించాను. మీ చేతులకు ఆ సందు తెలుస్తుందో లేదో చూద్దాం. ముందు వరసలో నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కు. చక్రం ఎవరు పట్టుకుంటారు?